అమ్మ బస్తాలకు రాసిన చీటీ

1988 ఆగస్టు 17న మా మార్కెట్ యార్డులో మిర్చి నాణ్యతను పరీక్షించే గ్రేడరుగా అడుగుపెట్టిన శ్రీమతి లిడియా గారు, ముప్పై ఎనిమిదేళ్ళ నిష్కళంక సేవానంతరం ఈ జూలై నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మిర్చి ఘాటుకు మూడు రోజుల్లో పారిపోతుందని ఆనాడు పందెం కాసిన పెద్దమనుషులందరూ ఆమె కన్నా ముందే రిటైరై ఇళ్ళకు చేరారు!

ప్రత్తిపాడు చెంత పల్లెలో కౌలుకు మిరప వేసిన ఎలీసమ్మ గారి ఏకైక పుత్రిక ఆమె. పదో తరగతితో చదువు మాన్పించమని బంధువులు పోరుపెడితే, "కాయ కొయ్యటానికి నా చేతులు చాలు. నా బిడ్డ చదువుద్ది" అని ఆ తల్లి తెగేసి చెప్పారు. అన్నంత పనీ చేశారు.

లిడియా గారి తొలి సీజనులోనే యార్డుకు ఎలీసమ్మ గారి బస్తాలు వచ్చాయి. కాయ విరిస్తే విరగలేదు, వంగింది. తేమ! బస్తాలకిచ్చే నాణ్యత చీటీలో ఆ మాట రాస్తే తల్లి ఏడాది కష్టం ఆ పూట అమ్ముడుపోదు. రాయకపోతే ఇక తన చీటీకే విలువ ఉండదు. వ్యాపారులు చుట్టూ మూగి వేడుక చూస్తున్నారు. లిడియా గారు చీటీ పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఏందే, అట్టా నిలబడ్డావు?" ఎలీసమ్మ గారి గొంతు యార్డంతా మోగింది. "బస్తాలకెత్తేటప్పుడు కాయ చిట్లకుండా నీళ్ళు ఎక్కువ చల్లింది నేనేగా! ఉన్నది ఉన్నట్టు రాయి. ఇయ్యాళ నా కాయకి కళ్ళు మూసుకుంటే రేపు ఎవరి కాయ మీదా నీ మాట చెల్లదు."

రాశారు. ఆహా, ఎంతటి తల్లి, ఎంతటి కూతురు! వ్యాపారులు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఎలీసమ్మ గారు రెండు రోజులు అక్కడే కాయ ఆరబోసుకుని మరీ అమ్ముకున్నారు. నాటి నుండి లిడియా గారి దగ్గరకు సిఫారసుతో వచ్చే సాహసం ఎవరూ చెయ్యలేదు.

తదుపరి సూపర్వైజరుగా ఒంగోలులో పన్నెండేళ్ళు, గ్రేడింగ్ అధికారిణిగా తిరిగి మా వద్ద పదిహేనేళ్ళు పనిచేసిన ఆమె, మాకు పని నేర్పారు, తప్పు చేస్తే తలంటారు, ఆకలేస్తే తన క్యారేజీ విప్పారు.

ఈ వీడ్కోలు సంచిక కోసం మొన్న ఎనభై నాలుగేళ్ళ ఎలీసమ్మ గారిని కలిసి, ఆనాడు కూతురి మీద కోపం రాలేదా అని అడిగాను. "కోపమెందుకయ్యా? నేను లేకపోయినా నా బిడ్డ నిలబడుద్దని ఆ పొద్దే తెలిసింది. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నా" అన్నారు.

ఆ తల్లీకూతుళ్ళకు భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యాన్ని, దీర్ఘాయువును ప్రసాదించాలనీ, ఇకనైనా లిడియా గారు రోజూ అమ్మ పక్కనే కూర్చుని వేడివేడిగా భోజనం చెయ్యాలనీ మా అందరి ఆకాంక్ష.