ఓబళప్ప బొటనవేలు

మడివాళలో శాంతమ్మ టీ అంగడి బెంచీ ఎక్కితే ఓబళప్ప నోటికి మూత పడదు. పోలీసు సెలక్షన్ల పరుగు రేపనగా, బళేపేటలో కొత్త బూట్లు కొనుక్కొచ్చిన నంజప్ప ఆ పొద్దు ఆయనకు చిక్కాడు. ఈసారి తప్పితే నంజప్పకు వయసు దాటిపోతుంది.

"ఇట్లియ్యప్పా. బూటు మంచిదా కాదా చూసేదానికి ఉరికే పనే లేదు. మడమకాడ బొటనవేలితో నొక్కితే చాలు. అత్తిబెలె బూట్ల ఫ్యాక్టరీలో నేను నొక్కి సరే అంటేనే జత బయటికి పోయేది. ఒకతూరి నేనే ఒక జత తొడుక్కోని హోసూరు రోడ్డెక్కినా. మడమ కింద కోడిగుడ్డు పెట్టుకోని ఉరికినా, పగల్లేదు!"

"ఉడకబెట్టిన గుడ్డేమో," అన్నాడు పక్కనున్న ఆవులప్ప.

"పచ్చిదప్పా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫ్యాక్టరీ నీళ్ల ట్యాంకు మీదినుంచి దూకినా. మడమ నేలకు తగిలిందో లేదో, బంతి మాదిరి పైకి లేస్తి. చెక్‌పోస్టు మీదుగా పోతావుంటే కిందినుంచి పోలీసోళ్లు పర్మిట్ చూపించమని ఒకటే అరుపు. నేనెక్కడ దిగేది? ఒక కాలు హోసూరులో పెడితే రెండోది కృష్ణగిరిలో. అంత ఎత్తునుంచి పడినోడు బతకడని చావు కూడా నా వెనకాలే వచ్చె. దానికి ఉత్తకాళ్లు కదా, ముండ్లు గుచ్చుకోని కుంటుకుంటా, 'ఓబళప్పా, నిలబడప్పా' అని బతిమాలె. నిలిస్తే కదా!"

అందరూ నవ్వారు. ఓబళప్ప బూటులో చెయ్యి పెట్టి మడమను గట్టిగా నొక్కాడు. "దూది! కండ్లు మూసుకోని ఉరుకు."

శాంతమ్మ టీ వడపోసే గుడ్డ కింద పెట్టేసింది.

"నీ వెనకాల ఉరికి అలిసిపోయిన చావు మా ఇంట్లో కూసోనుండాది. రా, చూపిస్తా."

ఓబళప్ప బూటులోంచి చెయ్యి తీశాడు.

"ఆ ఫ్యాక్టరీలో బూట్లేసుకోని రోడ్డు మీద ఉరికి చూసే పని మా ఆయన సొన్నప్పది. నువ్వు సరే అన్న జతే ఏసుకునె. మడమకాడ మెత్త అణిగి రాయైపాయె. మోకాళ్లు నొస్తా ఉండాయంటే, 'నేను నొక్కి చూసినా, నువ్వే సోమరివి' అని మళ్లా ఉరికిస్తివి. సొన్నప్ప మంచం దిగి ఎన్నేండ్లాయె! నన్నెప్పుడు తీసుకపోతావని రోజూ ఆ చావునే అడుగుతా ఉండాడు."

"వేలికి మెత్తగానే ఉండె, శాంతమ్మా," అన్నాడు ఓబళప్ప మెల్లగా.

"ఉండును. ఉరికింది నీ వేలు కాదు కదప్పా."

నంజప్ప బూటు లాక్కుని లోపలికి చూశాడు. ఓబళప్ప నొక్కినచోట పడిన గుంట ఇంకా పైకి లేవలేదు.

"ఉత్తకాళ్లతోనే ఉరుకుతాలే అక్కా," అన్నాడు.