గోవింద నామం, పార దెబ్బ

నన్నెందుకలా చూస్తావు గంగా? అడిగింది నువ్వు కాదూ? నా మొగుడు నామం వినకుండా మట్టిలోకి పోకూడదని పొద్దున నా కాళ్ళ మీద పడి ఏడ్చింది నువ్వు కాదూ? పలికాను. ఇక ఆ చూపు నా మీద ఎందుకు? గట్టు మీద నిలబడ్డ సర్దారు వీరస్వామిని చూడు అలా!

వద్దని చెప్పానా, లేదా? ఇది మన సీమ కాదు తల్లీ, సముద్రం అవతలి ఈ లంబాసా చెరకు తోటల్లో ఆ నామం చెడిపోయింది, వద్దు అన్నానా? విన్నావా? "అయ్యవారూ, దేవుడి నామం చెడిపోతుందా ఎక్కడైనా?" అన్నావు. పురాణం చెప్పుకొని బతికినవాణ్ణి. నా మాటే నాకు అప్పజెప్పావు.

ఎలా చెడిందో నీకు తెలియదూ?

తాటాకు పుస్తకం తప్ప ఎరగని చేతులివి. మెత్తని చేతులవాణ్ణి, కూలీల్ని ఓడెక్కించే డిపోలోంచి వెనక్కి పంపేస్తారంటే, రాళ్ళ మీద రుద్దుకొని, కులం దాచుకొని ఓడ ఎక్కాను. ఆకలి అంత పని చేయిస్తుంది. మొదటి కోతకాలంలో కత్తి పట్టలేక కుమిలిపోతుంటే నీ నర్సయ్యే అన్నాడు: "మీకు వచ్చిన పని మీరు చెయ్యండి అయ్యవారూ. నామం పలకండి. మీ వంతు మేం నరుకుతాం."

పలికాను. నేను "గోవిందా" అంటే ముఠా అంతా అందుకొనేది. ఆ మాట మీదే కత్తి పడేది. నడుము నొప్పి తెలిసేది కాదు, ఎండ తెలిసేది కాదు. కొలిచి ఇచ్చిన టాస్కు పొద్దు వాలకముందే అయిపోయేది. అందరూ నాకు దండాలు పెట్టారు. నేనూ పొంగిపోయాను. ఎందుకు పొంగను? భగవన్నామ మహిమ కళ్ళెదుటే కనిపిస్తుంటే!

తోట పని అజమాయిషీ చేసే కులంబరు దొరకీ కనిపించింది. గుర్రం మీద నుంచి చూసి, "వీళ్ళకి పని చాలడం లేదు" అన్నాడు. మరునాటి నుంచి ప్రతివాడికీ ఇంకో వరుస!

మేం నోళ్ళు మూసుకొన్నాం. ఏం లాభం? వీరస్వామి అందుకొన్నాడు. కొరడా చంకన పెట్టుకొని గట్టు మీద నుంచి వాడే అరుస్తాడు, "గోవిందా!" అని. మనసు వద్దన్నా చెయ్యి లేస్తుంది. జ్వరం పలవరింతలో నీ మొగుడు చెయ్యెత్తి రేకు గోడను కొట్టేవాడని నువ్వే చెప్పావు. నిన్న ఆ కేక మీదే కత్తి ఎత్తాడు, దించలేదు. బోర్లా పడ్డాడు. సర్దారు దగ్గరికి వచ్చి మళ్ళీ పిలిచాడు, "గోవిందా!" అని. లేస్తాడేమోనని.

గుంట దగ్గర అర్థం కూడా చెప్పమన్నావు కదూ? సగమే చెప్పాను. గోవుల్ని కాచినవాడు గోవిందుడు. గొల్లపల్లె మీద రాళ్ళవాన కురిస్తే కొండను గొడుగుగా ఎత్తి, పశువునీ మనిషినీ దాని నీడకు పిలిచినవాడు. నువ్వు తల ఊపావు. ఆ పేరు పెట్టిందెవరని మాత్రం అడగలేదు.

కొండ కింద తలదాచుకొన్న గొల్లలు కాదమ్మా. ఇంద్రుడు! ఆ రాళ్ళు కురిపించినవాడే, ఓడి, సిగ్గుపడి, దిగివచ్చి, కామధేనువు పాలతో అభిషేకం చేయించి, "నువ్వు గోవిందుడివి" అని స్తుతించాడు. ఊళ్ళో ఈ ఘట్టం చెబితే జనం కళ్ళు తుడుచుకొనేవారు. హింసించినవాడి నోటనే స్తోత్రం పలికించాడు, ఆహా, ఏమి లీల! నేనూ తుడుచుకొనేవాణ్ణి.

ఇక్కడికొచ్చాక తెలిసింది. రాళ్ళు కురిపించేవాడి నోటికే ఆ నామం చక్కగా వస్తుంది. గట్టు మీదున్న మనవాడు ఇంకా ఓడలేదు. అంతే తేడా.

ఇక నన్నేమంటావు? సాగదీసి పలుకుదామనే అనుకొన్నాను, దీపం పెట్టేవేళ భజనలోలాగా, ఎవరి చెయ్యీ లేవకుండా. గొంతు నా మాట వినలేదు గంగా. తోటలో పలికినట్టే పలికింది. ముఠావాళ్ళ పారలు లేచాయి. మునియ్య ఏడుస్తూనే మట్టి తోశాడు. రామన్న కళ్ళు మూసుకొని తోశాడు. ఆపుదామనుకొన్నాను. ఆపితే నీ మొగుడికి సగం నామమే దక్కుతుంది. ఆపలేదు. నామం, పార. నామం, పార. మూడు గుప్పిళ్ళు వెయ్యాలి నువ్వు. రెండోది వేసేసరికే గుంట పూడిపోయింది. మూడోది నీ పిడికిట్లోనే ఉంది, చూసుకో.

వీరస్వామి ఎండ వైపు చూసి నవ్వాడు. "పూట సెలవిస్తే, ఇంత తొందరగా పూడ్చేశారే! పొద్దు ఇంకా బోలెడుంది. పదండి తోటలోకి." విన్నావుగా. అందుకే ఇక్కడున్నాం.

నర్సయ్య వరుస ఖాళీగా ఉండకూడదట. నీకిచ్చాడు. ఇన్నాళ్ళూ కలుపు తీసిన చేతులు, కత్తి బరువు కొత్త. ఇదిగో, అతని కత్తే. పిడి అతని చేతికి అరిగిపోయి ఉంది, పట్టు దొరుకుతుందిలే. ఆ పిడికెడు మట్టి ఇక్కడ వదిలెయ్యి. ఇదీ ఆ మట్టే.

అదుగో, నన్ను పలకమని కొరడా ఊపుతున్నాడు. నేను పలకకపోతే వాడే పలుకుతాడు. వాడికంటే కాస్త నెమ్మదిగా పలుకుతాను. నీకు నేను చేయగలిగిన ధర్మం అంతవరకే.

ఏడవకు. మొదట్లోనే నొప్పి. తరవాత నామమే నరుకుతుంది, నీతో పని లేదు.

వంగు తల్లీ. చెయ్యెత్తు.

గోవిందా!