మూడు రోజులు నడిచిన డబ్బా

దస్తగిరి నోరు తెరిచాడంటే ఇమామ్ స్టవ్ మీద పాలు పొంగిపోయినా చూసేవాడుండడు. అరబ్బుల దేశంలో, నజ్మా అనే పేటలో ఇమామ్ టీ కొట్టు ముందు రెండు బెంచీలుంటాయి. శుక్రవారం సాయంత్రాలు ఆ బెంచీల మీద అతనిదే రాజ్యం. మిగతా ఆరు రోజులూ ఐన్ ఖాలిద్ పేటలో, తను బాబా అని పిలిచే ఒక అరబ్బీ యజమాని ఇంట్లో హౌస్ డ్రైవరు. అక్కడ "యల్లా, పద" అని కేకేసేవాళ్ళే గాని అతనితో నాలుగు మాటలు మాట్లాడే మనిషి లేడు. వారమంతా మింగిన మాటలన్నీ ఇక్కడికొచ్చి కక్కుతాడు. గోరంతను కొండంత చేస్తాడని అందరికీ తెలుసు. ముప్పాతిక తీసేసి మిగిలింది వినాలని కూడా తెలుసు. ఆ సంగతి కొత్తవాళ్ళకు ఎవరూ చెప్పరు, వింటూ వింటూ వాళ్ళకే అలవాటవుతుంది.

తొంభై ఎనిమిది వేసవిలో ఒక శుక్రవారం, దస్తగిరి వచ్చేసరికే బెంచీ చివర లింబాద్రి కూర్చుని ఉన్నాడు. నిజామాబాద్ వైపు మనిషి, రాళ్ళు కోసే కంపెనీలో పని. కొట్టుకు రావడం ఇది రెండోసారి. కాళ్ళ మధ్య తువ్వాలు చుట్టిన బరువేదో పెట్టుకున్నాడు. పోయిన వారం అతను వచ్చింది ఒక్క మాట అడగడానికే. అతని చిన్నమ్మ కొడుకు నగేష్‌కి రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఎవరో ముసలి అరబ్బీ వాడుకుని వదిలేసిన గాలి మిషను ముక్కుకు తగిలించుకుని, ఇంటికి పోయే టికెట్ కోసం క్యాంపులో ఎదురుచూస్తున్నాడు. క్యాంపు జనరేటరేమో తరచూ ఆగిపోతుంది. అలాంటప్పుడు మిషన్ని నడిపే బ్యాటరీ డబ్బా ఏదైనా ఉంటుందా అని అడిగాడు. దస్తగిరి తమ బాబా ఇంట్లో కంప్యూటరుకు తెచ్చిన డబ్బా మూడు రోజులు నడిచిన సంగతి, దుకాణం గుర్తులు చెప్పి, "గాలి మిషనా? దానికది దోమ లెక్క!" అన్నాడు.

తువ్వాల్లో ఉన్నదేమిటో దస్తగిరికి చూడగానే అర్థమైంది. ఛాతీ పొంగింది. తన మాట మీద ఒక మనిషి వస్తువు కొన్నాడు! ఈ కొట్టులో అతని మాటలకు నవ్వినవాళ్ళే గాని నమ్మినవాళ్ళు ఇంతవరకు లేరు.

"ఆ డబ్బా కథ ఇంకోసారి చెప్పన్నా," అన్నాడు చిన్నప్ప. అల్ మన్సూరాలో ఒక ఇంట్లో వంటవాడు, దస్తగిరి కోతలకు వంత పాడేది అతనే.

"కథ గాదురా, జరిగిందే చెప్తా ఉండా. మా బాబా కొడుకున్నాడు గదా, వానికి కంప్యూటర్లో తుపాకులు కాల్చే ఆటల పిచ్చి. తలుపంత తెర, బొమ్మలు బాగా కనపడాలని అమెరికా నుంచి తెప్పించిన కార్డు, ఆ పెట్టె కరెంటు తినేది చూస్తే నీకు కండ్లు తిరుగుతాయి. ఇంట్లో ఏసీలన్నీ ఒక్కసారి లేసినాయంటే దీపాలు మిణుక్కుమంటాయి, వాని ఆట ఢమాల్! గెలిచే ఆట పోయిందని గోడకు తల కొట్టుకునేవాడు. బాబా నన్ను పిలిచి, దస్తగిరీ, ఇది నీవల్లనే అయితాది అన్న్యాడు. పోయినా. దుకాణమోడు చిన్నదొకటి చూపించినాడు. ఇది తెరకే చాలదు, మరి పెట్టెకేం తగిలిస్తావు, నీ తలకాయా అన్న్యా. రెండోది చూపించినాడు. ఎత్తి చూస్తే తేలిగ్గా ఉండాది. బ్యాటరీ అంటే సీసం గదా, బరువు లేకుంటే లోపలేముంటాది, గాలి! అవతల పెట్టమన్న్యా. ఆఖరికి లోపల్నుంచి ఇద్దరు మోసుకొచ్చినారు ఒకదాన్ని."

"పోయిన వారం ఒకడే మోసినాడే," అన్నాడు ఇమామ్ గ్లాసులు కడుగుతూ.

"మోసింది ఒకడే. రెండోవాడు వానికి నీళ్ళు తాపడానికి."

చిన్నప్ప పగలబడి నవ్వాడు. లింబాద్రి నవ్వలేదు. "ఎంతసేపు నడిచిందన్నా?" అని అడిగాడు.

దస్తగిరికి అంతకంటే ఏం కావాలి?

"చెప్తా విను. పెట్టిన మర్సటి దినమే కరెంటు మాఫీ, పూర్తిగా పోయింది. వీధంతా చీకటి, మావాని ఆట మాత్రం నడుస్తానే ఉండాది. గంటయింది, రెండు గంటలయింది. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? ఇంటామె వచ్చి మాంసం చెడిపోతాదని ఏడ్సింది. ఫ్రిజ్జు తగిలించినా. ఉక్క పోస్తాందన్న్యారు. ఏసీలు తగిలించినా, ఇంట్లో ఉండేవన్నీ! డబ్బా కిక్కురుమనలే. పక్కింటోళ్ళు గోడ మీంచి వైరు ఇసిరినారు, ఎదురింటోళ్ళు ఇసిరినారు, సందు చివర రొట్టెల కొట్టోడు ఇసిరినాడు. మూడు దినాలురా! మూడు దినాలు ఐన్ ఖాలిద్ మొత్తం ఆ ఒక్క డబ్బా మీదనే బతికింది!"

"నేను కండ్లారా చూసినా," అన్నాడు చిన్నప్ప. "మా అల్ మన్సూరాకు గూడా ఒక వైరు లాగినాం."

"గన్ని వైర్లు ఏడ తగిలిచ్చిన్రన్నా?" లింబాద్రి ముందుకు వంగాడు. "ముందుగాల చార్జింగు ఎంతసేపు వెట్టిన్రు?"

ఎగతాళి చేస్తున్నాడేమోనని దస్తగిరి అతని ముఖం చూశాడు. అలా ఏమీ లేదు. హుషారు ఇంకా పెరిగింది.

"చార్జింగ్ ఎవరికి గావాల? నాలుగో దినం కరెంటాఫీసరు తెల్ల తోబు ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చినాడు. నా రెండు చేతులూ పట్టుకుని, దస్తగిరీ, నీ డబ్బా ఆపు నాయనా, మా మీటర్లన్నీ ఎనక్కి తిరుగుతా ఉండాయి, ఈ నెల జనానికి మేమే ఫులూస్ కట్టాల్సొస్తాది అన్న్యాడు! అప్పటికి డబ్బాలో సగం గూడా ఖర్చు కాలే!"

బెంచీలు రెండూ నవ్వులతో ఊగాయి. ఆ నవ్వు ఆగేదాకా ఉండి, లింబాద్రి తువ్వాలు విప్పి డబ్బాను బెంచీ మీద పెట్టాడు.

"నువ్వు చెప్పిందే తెచ్చిన. గదే దుకాణం. బరువు గూడ ఎత్తి చూసిన."

"మరి! నగేష్ ఎట్లుండాడు?"

"మొన్న పగటీలి జనరేటరు ఆగింది. నేను డ్యూటీల ఉన్న. మా క్యాంపుల ఉండే ఫసీయుద్దీన్ పికప్పు గది ముంగటనే ఉండె. ఎప్పుడాగినా గాయన బండిలనే ఆస్పత్రికి తీస్కపోతుంటిమి. యల్లా పోదాం పా అన్నడట. నగేషే రానన్నడట. డబ్బా ఉన్నది, మూడు దినాలు నడుస్తదని దస్తగిరన్న చెప్పిండు, నువ్వు నీ డ్యూటీకి పో అన్నడట. ఫసీయుద్దీన్ పోయిండు. డబ్బా జరసేపు కూసి బందయింది. నేను వచ్చేసరికి పాణం లేదు."

ఇమామ్ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. చిన్నప్ప తల దించుకున్నాడు.

లింబాద్రి గొంతులో కోపం లేదు. ఉంటే దస్తగిరికి తేలికయ్యేది.

"కాయిదాలు కాంగనే శవం పెట్టెతోటి నేనే ఊరికి పోతున్న. బాలవ్వ చిన్నమ్మ అడుగుతది. ఊరందరికి నడిచింది నా కొడుక్కే ఎందుకు నడువలేదురా, నువ్వేం తప్పు జేసినవురా అని. నువ్వు చెప్పినదంత మళ్ల ఇన్న. నేనేడ తప్పు వెట్టిన్నో సమజైతలేదు. జర చూసి చెప్పన్నా."

దుకాణమోడు నకిలీది అంటగట్టినాడు అన్న మాట దస్తగిరి నాలుక చివరికి వచ్చింది. అలాంటివి అతనికి వెతుక్కోనక్కర్లేదు. కాని లింబాద్రి కళ్ళు ఇంకా తనను నమ్ముతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఒక్కడు నమ్మితే చాలనుకున్నాడు. నమ్మినవాడు ఎదురుగా కూర్చునేసరికి ఆ మాట మింగేశాడు.

"నువ్వేం తప్పు పెట్టలేదు లింబాద్రీ," అన్నాడు. "ఆ డబ్బా ఇంతే. కరెంటు పోతే ఆట ఆపి, కంప్యూటరు కట్టేసుకునేంత సేపే నడుస్తాది. మా ఇంట్లో గూడా అంతే నడిచింది."

"మరి మూడు దినాలు?"

ఇమామే అన్నాడు, "కోతలయ్యా. మాకందరికీ తెలుసు."

లింబాద్రి వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూశాడు.

"అందరికి ఎర్కేనా? పోయిన శుక్రారం నేనడిగినప్పుడు గూడ ఎర్కేనా?"

దస్తగిరి అతని మోకాలు పట్టుకున్నాడు. "మీ చిన్నమ్మకు నా పేరు చెప్పు. దస్తగిరనేవాడు అబద్ధం చెప్పి నీ కొడుకును సంపినాడని చెప్పు."

"నువ్వెవలో ఆమెకు ఎర్కలేదన్నా," అన్నాడు లింబాద్రి. "నగేష్‌కు చెప్పింది నేను."

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, డబ్బాను బెంచీ మీదే వదిలి, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.