మిలిటరీ టైలరు చెప్పిన ప్రేమకథ

ఏమే, పిలిస్తే పలకవేం? మూడుసార్లు పిలిచాను. ఏంటా పుస్తకం, ఇలా చూపించు. ఓహో! అట్ట మీద విమానం తగలబడుతోంది, వెనక ఊరంతా తగలబడుతోంది, ముందు నిలబడ్డ పిల్లకి మాత్రం ఒక్క వెంట్రుక చెదరలేదు. అదేం తల దువ్వుకోవడమో మరి! ఎక్కడిదాకా వచ్చావు? వాడు సెలవు మీద వచ్చాడా, ఇంకా లేదా? వస్తాడులే, కంగారుపడకు. నూట పాతికో పేజీ దాటాక వస్తాడు. రాగానే వాన పడుతుంది. బాంబు కూడా పడుతుంది, కాకపోతే అది ఎప్పుడూ పక్కింటి మీదే పడుతుంది. నవ్వుతావేంటి? ముప్పై ఏళ్ళు అద్దె లైబ్రరీ నడిపినవాణ్ణి, ఇలాంటివి ఎన్ని చూశాను!

అచ్చం మీ నాన్నమ్మ పోలికే నీది. పెళ్ళికి ముందు ఆవిడ టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. చెవులకి ఫోను, ఒళ్ళో నవల. కథలో వాడు కందకంలో ఉన్నంతసేపూ ఊళ్ళో ఒక్కరి ఫోనూ సరిగ్గా కలిసేది కాదు. డాక్టరు కావాలంటే కలప డిపో వాడు పలికేవాడు. ఆవిడొక్కతే అనుకున్నావా? హెడ్మిస్ట్రెస్ గారని ఒకావిడ ఉండేది, ఆవిడ నడిచొస్తుంటే పెద్దవాళ్ళు కూడా సిగరెట్టు ఆర్పేసేవాళ్ళు. ఆవిడ అట్లాసు మధ్యలో నవల పెట్టుకుని చదివేది. ప్రతి నవల్లోనూ ఆ ముద్దు పెట్టుకునే పేజీ ఎవరో చింపుకుపోయేవాళ్ళు. ఎవరో నాకు తెలుసు, చెప్పను. బడి నడిపే మనిషి పరువు తియ్యకూడదు.

ఇంతమందికి కొత్త నవలలు నేనెక్కణ్ణించి తేను చెప్పు? అందుకని నాకో పద్ధతి ఉండేది. పాతదాని అట్ట ఊడిపోగానే మొదటి రెండు కాగితాలు పీకేసి, గట్టి అట్ట వేసి, గుడ్డ అంటించి, పైన కొత్త పేరు రాసేసేవాణ్ణి. ఎర్ర అట్ట మీద ‘నెత్తుటి ఒడ్డున నీకోసం’. అదే నవలకి మరో కాపీ ఉంటే నీలం అట్ట, ‘వంతెన అవతల వాగ్దానం’. లోపల అదే నర్సు, అదే లెఫ్టినెంటు. సగం చదివేసరికి గుడ్డివాడికైనా తెలిసిపోతుంది. తెలిసినా ఒక్కళ్ళూ తిరిగిచ్చేవాళ్ళు కాదే! ఈసారైనా వాడు త్వరగా వస్తాడేమోనని చూసేవాళ్ళు కాబోలు.

ఇంతకీ మిలిటరీ టైలరు సంగతి నీకు చెప్పలేదు కదూ? చెప్పానా? లేదు, ఎవరికీ చెప్పలేదు. యుద్ధం అయిపోయాక ఎక్కడినుంచో వచ్చి, నా లైబ్రరీకి ఎదురుగా గది తీసుకుని కుట్టు మిషను పెట్టాడు. బక్కపల్చటి మనిషి, మాట బయటికి రాదు. యుద్ధం నుంచి వచ్చాడని తెలిసిందో లేదో, ఊళ్ళో చిరగని బట్టలన్నీ ఆ నెల్లోనే చిరిగాయి. హెడ్మిస్ట్రెస్ గారు ఊడని గుండీ ఊడబీక్కుని మరీ వెళ్ళింది. “అక్కడ నర్సులు ఉండేవారా అండీ?” అని గొంతు తగ్గించి అడిగింది. “ఉండేవారండీ.” “తెల్లటి బట్టల్లోనా?” “ఉతుక్కోడానికి నీళ్ళుండేవి కాదండీ, మట్టి కొట్టుకుపోయి ఉండేవి.” ఆవిడ మొహం చూడాలి అప్పుడు!

మీ నాన్నమ్మ కూడా వెళ్ళేది. ఏమీ అడిగేది కాదు. డ్యూటీ దిగాక అతని షాపులో స్టూలు మీద కూర్చునేది. అతను మిషను ఆపేసేవాడు. ఇద్దరూ అలా వీధి చూస్తూ కూర్చునేవాళ్ళు. నేను ఇటునుంచి వాళ్ళని చూస్తూ కూర్చునేవాణ్ణి, నాకంతకంటే పనేముంది! అప్పటికి రెండేళ్ళుగా మంచి నవల ఏదొచ్చినా బల్ల కింద దాచి ముందు ఆవిడకే ఇస్తున్నాను. రెండేళ్ళే! నోరు పెగిలితేగా నాకు. పుస్తకం చేతిలో పెట్టి “బావుంటుందట” అనేవాణ్ణి. అదీ మీ తాతయ్య ప్రేమాయణం.

ఒకరోజు పొద్దున్నే అతను నా దగ్గరికొచ్చాడు. “అన్నా, ఆవిడ ఆదివారం ఇక్కడ అందరి ముందూ నా యుద్ధం కథ చెప్పమంది. ఆ తర్వాత ఆవిణ్ణి పెళ్ళి సంగతి అడుగుదామనుకుంటున్నాను. కానీ నా దగ్గర కథేం లేదు. నేను తుపాకీ ముట్టలేదు” అన్నాడు. మరేం చేశావయ్యా అంటే చెప్పాడు. ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో ఇతని మిషను. పోయినవాళ్ళ చొక్కాలు ఉతికి తెచ్చి కుప్ప పోసేవాళ్ళట. చిల్లులకి మాసికలు వేసి, గుండీలు కుట్టి, మడతపెట్టి ఇస్తే కొత్తగా వచ్చినవాళ్ళు తొడుక్కునేవాళ్ళు. “ఒక చొక్కా నా దగ్గరికి మూడుసార్లు వచ్చిందన్నా. నేను వేసిన మాసిక నేను గుర్తుపట్టనా? మూడోసారి మాసిక మీదే మాసిక పడింది. తీసుకున్నతను తొడుక్కుని, సరిగ్గా సరిపోయిందని నాకు థాంక్స్ చెప్పి వెళ్ళాడు. ఇది చెప్పనా ఆవిడకి?” అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? “నీకేమైనా మతి పోయిందా? పెళ్ళి అడగబోతూ చచ్చినవాళ్ళ చొక్కాల గురించి చెప్తావా? ఆవిడ మళ్ళీ నీ గడప తొక్కదు” అన్నాను. అని బీరువాలోంచి ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటి తీశాను, ‘లాంతరు ఆరనీకు’. “ఇది కొత్తది, ఇంకా ఎవరూ చదవలేదు. బాగా చదువుకుని నీదే అన్నట్టు చెప్పు” అన్నాను. పాపం, రెండు చేతులతో తీసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నా దగ్గర నవలలు తీసుకెళ్ళేవాళ్ళంతా వచ్చారు, లైబ్రరీలో కాలు పెట్టడానికి చోటు లేదు. అతను నున్నగా తల దువ్వుకుని వచ్చి మొదలుపెట్టాడు. నది పొంగుతోందట, వంతెన కూల్చేశారట, అవతలి ఒడ్డున నర్సు లాంతరు పట్టుకుని నిలబడిందట. అందరూ ముక్కులు చీదుతున్నారు. మీ నాన్నమ్మ చీదడం లేదు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, అతను చెప్పే మాటలతో పాటే. అతను చెమట తుడుచుకోడానికి ఆగాడు. ఆవిడ మెల్లిగా, తనకే తెలీకుండా అందించేసింది: “‘నువ్వు వచ్చేదాకా ఈ దీపం ఆర్పను’ అంది.” దానికా పిచ్చి మనిషి మొహం వెలిగిపోయి, “అవునండీ! మీకెలా తెలుసు?” అన్నాడు.

ముందు హెడ్మిస్ట్రెస్ గారు నవ్వింది. “నేను చదివింది ఎర్ర అట్టదండీ!” అంది. “మాది నీలం!” అని ఇంకెవరో. ఇంక చూడు, ఇల్లెగిరిపోయేలా నవ్వారు. అట్టలు మార్చి ఏమార్చిన నన్ను ఒక్కరూ ఒక్క మాటనలేదు, చూశావా? మీ నాన్నమ్మ ఒక్కతే నవ్వలేదు. అతను లేచి, కుర్చీ గోడ పక్కకి జరిపి మరీ వెళ్ళాడు. వారం తిరక్కుండా గది ఖాళీ చేసేశాడు. ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. మర్నాడు మీ నాన్నమ్మ వచ్చి నా బల్ల ముందు నిలబడి, “ఇన్ని చదివాను, నిజమైంది ఒక్కటి విందామనుకున్నాను” అంది. ఆ నిజమైంది నా దగ్గరుంది. నేనేం చేశాను? ఇంకో నవల తీసి చేతిలో పెట్టి, “బావుంటుందట” అన్నాను. తీసుకుంది. ఏడాదికి పెళ్ళయింది మాకు.

ఏంటలా చూస్తున్నావు? ఆ పుస్తకం పాతదని తెలిసే ఇచ్చానా అనా? అందరికీ మర్చిపోయాననే చెప్పాను. నేనే విప్పి, నేనే కుట్టి, నేనే పేరు రాసిన పుస్తకం... మర్చిపోతానటే? తెలిసే ఇచ్చాను. ఆవిడ దాన్ని ఎన్నిసార్లు తీసుకెళ్ళిందో కూడా నాకు తెలుసు.

మీ నాన్నమ్మ పోయే ముందు ఏడాది, ఒక మధ్యాహ్నం ఇక్కడే కూర్చుని ఉండగా ఊరికే అడిగింది. “ఆ టైలరు నిజంగా యుద్ధంలో ఏం చేసేవాడో మీకేమైనా తెలుసా?” అని. తెలీదన్నాను. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం, ఇంక నా ఎదురుగా అతను కూడా లేడు, చెప్తే ఏం పోయేది? తెలీదన్నాను. “నాదే తప్పు. ఆ రోజు నేను నోరు మూసుకునుంటే, తర్వాతైనా నాకు చెప్పేవాడు” అంది. అన్నేళ్ళూ తనదే తప్పనుకుంటూ ఉందే అమ్మాయ్, నా పక్కనే పడుకుని. అలా అనుకుంటూనే పోయింది.

ఊఁ? ఏం లేదు. ఏం లేదన్నానుగా. లేచి ఆ కిటికీ వెయ్యి, దుమ్మొస్తోంది.