జానెడు ఇల్లు

పోయినేడు సుడిగాలికి రేకులు లేచిపోయినప్పటి నుంచి, గాలి తిరిగిందంటే మారెక్క ఇంట్లో ఉండదు. చెప్పు చూపిస్తే సుడి పక్కకు పోతుందని, దాన్ని చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడుతుంది. ఈ మధ్యాహ్నమూ అలాగే నిలబడి, చెన్నైలో కట్టడాలు గాలికి నిలుస్తాయో లేదో గాలి గదిలో పరీక్షించే కూతురితో ఫోనులో మాట్లాడుతోంది.

“ఆ గాలి గదిలోకి నువ్వు పోలేదు గదా?”

“లేదు మా. నేను అద్దానికి ఈపక్కే ఉండా. మన ఇంటి మాదిరి జానెడు ఇల్లు చేసి లోపల పెట్టినా.”

“ఎగిరిపోయినాదా?”

“మొదట రేకుల మీద నీ మాదిరే రాళ్లు పెట్టినా. సుడిగాలి రేకును పైకి పీకుతాది గదా, రాళ్లతో సహా పోయినాయి.”

“అనుకుంటానే ఉండా! కొంప మునిగినాది!”

“పూర్తిగా ఇను మా. మళ్లా, మొన్న నాయన మన ఇంటి మీద రాళ్లు తీసేసి బిగిచ్చినట్ల, ఇనుప పట్టీలతో గోడకు కట్టినా. గాలి ఎంత పెంచినా ఒక్క రేకూ లేయలేదు.”

“దానికి చెప్పు చూపిచ్చినావా?”

“ఆ, మా సారు ముందర!”

“నవ్వద్దు. ఆ ఇంట్లో ఎవరన్నా ఉండారా?”

“మట్టితో మంచం చేసి, దాని మీద నిన్ను పండబెట్టినా.”

“నేనే దొరికితినా? కన్నతల్లిని తీసకపోయి సుడిగాలిలో పెడతావా!”

“నువ్వు లోపల లేకుంటే, యా రేకు ఎగిరిపోతే నాకేమి మా?”

వాకిట్లో దుమ్ము గిర్రున తిరిగింది. మారెక్క ఇంటి కప్పు వైపు చూసింది.

“బొమ్మ లేచినాదా?”

“కదల్లేదు.”

ఆమె చేతిలోని చెప్పు కింద పడేసి గడప దాటింది.

“సరే, ఫోను పెట్టు. నేనూ కాసేపు పండుకుంటా.”