గాలి లేచినప్పుడు పోయే కరెంటు

సభకు పెద్దగా కూర్చున్న అసోసియేషన్ ప్రెసిడెంటు భుజంగరావుగారికి, ఇంత ఎండలో నాకు ఉన్ని శాలువా కప్పిన ఛాయాదేవమ్మగారికి, మా ఇంజనీరు శశికళ మేడంగారికి, అందరికంటే ముందొచ్చి ఫ్యాను కింద చోటు పట్టిన మా సొన్నమ్మక్కకు, మీకందరికీ ఇవాళ రిటైరవుతున్న ఈ లైన్‌మన్ పిల్లప్ప నమస్కారాలు.

ముప్పైరెండేళ్లు స్తంభాలెక్కినవాణ్ణి, స్టేజీ ఎక్కమంటే మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగాను. స్తంభమైతే నన్ను మాట్లాడమనదు కదా! (నవ్వులు)

మన లేఔటు పక్క నీలగిరి తోపు మీదుగా పోయే తీగలు మీకు తెలుసు. వేలాడి వేలాడి ఎండుగడ్డిని అందుకునేలా ఉన్నాయి. గాలి లేస్తే ఒకదానికొకటి తగిలి నిప్పురవ్వలు రాలుతాయి. తోపు అంచునే సొన్నమ్మక్క ఇల్లు, ఆవుల కొట్టం. తీగలు ఎత్తించమని భుజంగరావుగారు అర్జీ పెడితే, మంటల ఫొటో జతచేయమని జవాబొచ్చింది. మంటలు రాకూడదనే కదయ్యా అడిగేదని ఆయన మళ్లీ రాస్తే, వచ్చాక దరఖాస్తు చేసుకోమన్నారు. మేడం, అప్పటికి మీరింకా ఇక్కడికి రాలేదులెండి. (నవ్వులు)

ఇది దిష్టేనని ఛాయాదేవమ్మగారు స్తంభానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టమన్నారు. పెద్దావిడ మాట కాదనలేక కట్టాను. మర్నాడు తనిఖీకి వచ్చిన ఆఫీసరు కిందనుంచే చూసి, "రక్షణ పరికరం అమర్చబడినది" అని రాసి ఫైలు మూసేశాడు. ఆరేళ్లుగా ప్రతి అమావాస్యకూ ఆ పరికరం మార్చమని నాకు మెమో వస్తోంది. నిమ్మకాయలు మాత్రం సొన్నమ్మక్క చెట్టువే.

ఇక కడుపులో మాట. మేడం, మీరు కాసేపు చెవులు మూసుకోండి. అపార్ట్‌మెంట్లవాళ్లూ, ఆ తోపు లైనే మీ ఇళ్లకీ వస్తుంది. వేసవి మధ్యాహ్నాలు కరెంటు పోతోందని మీరు నా మీద నలభైమూడు ఫిర్యాదులు పెట్టారు. అది కోత కాదు. గాలి లేచినప్పుడల్లా నిప్పురవ్వలు రాలకుండా ఫ్యూజు పీకింది నేనే. లిఫ్టులో రెండుసార్లు ఇరుక్కున్న స్టాన్లీసారూ, క్షమించండి. ఒకసారి నేను చందాపురలో పెండ్లి భోజనానికి కూర్చుంటే సొన్నమ్మక్క ఫోను. "పిల్లప్పా, గాలి లేస్తా ఉండాదప్పా, ఆవుల్ని విప్పేద్దునా?" అనింది. విస్తరి ముందునుంచి లేచి పరుగెత్తాను. ఆ భయం నాకింకా పోలేదు.

రేపటినుంచి ఎవరు పీకుతారు? నా జాగాలోకి వచ్చిన హేమంత్‌కుమార్‌ను అడిగితే, "నేను కరెంటు ఇచ్చేకి వచ్చిండేది అన్నా, తీసేకి కాదు" అన్నాడు. న్యాయమే. అందుకే ఈ సన్మానం నాకు సంతోషంగా లేదు. ఏమప్పా హేమంతూ, ఎక్కడ? ఇప్పుడే ఈ కుర్చీలో ఉండాడే!

(షామియానా గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంది. ఫ్యాన్లు ఆగాయి. మైకు పోయింది. ఎవరూ విసుక్కోలేదు.)

వెనకున్నవాళ్లకు వినబడుతోందా? గొంతు పెంచి చెబుతాను. నా సర్వీసు మొత్తంలో ఇంత మంచి పవర్‌కట్టు చూడలేదు! భుజంగరావుగారూ, అర్జీలు మాత్రం ఆపకండి. మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. సొన్నమ్మక్కా, ఆవుల్ని విప్పొద్దులే.

సెలవు.