గోడ మీద లేని ముఖం

లిస్బన్‌కు ఉత్తరాన, సముద్రపు ఒడ్డున పాత కోట. నియంత కాలంలో జైలు, ఇప్పుడు మ్యూజియం. ఊరివాళ్లతో బస్సులో చూడ్డానికి వచ్చిన ఇద్దరు ముసలి ఆడవాళ్లు ఖైదీల ఫొటోల దగ్గరే ఆగిపోయారు.

"మీ ఆయన దువార్తె ఫొటో ఎంత పెద్దది పెట్టారో చూడు వదినా."

"మీ ఆయనది లేదేం?"

"ఎందుకు లేదో నీకు తెలీదా? మా ఆయన్ని రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా నిలబెట్టారు. చివరికి మీ ఆయన పేరు చెప్పేశాడు."

"మా ఆయన ఇక్కడే పోయాడు. మీ ఆయన ఇంటికొచ్చాడు."

"వచ్చి ఏం బావుకున్నాడు? పోయినప్పుడు శవపేటిక మోయడానికి ఊళ్లో ఒక్క మగాడూ రాలేదు."

"వెళ్లొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేనే."

"తెలుసు. మా అబ్బాయికి కూడా చెప్పావుగా. వాడూ రాలేదు."